బాదం కొండకు నాలుగు టైర్లు

ఏసీలు అమ్మే కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడు కాబట్టి, చలి గురించి తనకు తెలిసినంత బహ్రెయిన్‌లో ఇంకెవరికీ తెలియదని భీమేశ్వరరావు నమ్మకం. ఇంట్లో రిమోట్ ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. ఆయన భార్య వీరలక్ష్మి మండు వేసవిలో శాలువా కప్పుకుని వంకాయలు తరుగుతుంది. బయట నిప్పుల గుండం, లోపల హిమాలయం, మనిషన్నవాడు బతకాలంటే మా గడప మీద నిలబడాల్సిందేనని ఆమె తన క్లినిక్‌లో చెప్పి నవ్విస్తూ ఉంటుంది. మనామాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్ చూస్తుందామె. నోరు తెరవడానికి భయపడే మనుషులను నవ్వించడం అక్కడ ఉద్యోగంలో భాగం.

ఆ ఆగస్టులో వాళ్ల బండి ఏటేటా జరిగే తనిఖీలో తప్పింది. ఎండకు టైర్లు బీటలు వారాయి. తనిఖీ చేసేవాడు బొటనవేలితో ఒకసారి నొక్కి, "ఖలాస్" అని ఊరుకున్నాడు. పాతవి పీకించి కొత్తవి నాలుగు వేయించుకుంటే పోతుంది కదా అనుకుంది వీరలక్ష్మి. పోయేదే. కానీ ఆ వారమే మణికుమార్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. సౌదీలో తబూక్ అవతల బాదం కొండ అని ఒకటుందట, చలికాలంలో దాని మీద మంచు పడుతుందట. ఒంటెలు మోకాలి లోతు మంచులో నిలబడి, ఎవరో తమను మోసం చేసినట్టు అటూ ఇటూ చూస్తున్నాయి. "ఈ జనవరికి కార్లేసుకుని పోదామా?" అని కింద రాశాడు మణికుమార్.

గ్రూపులో అందరూ బొటనవేళ్లు ఎత్తారు. భీమేశ్వరరావు ఒక్కడే మాటల్లో జవాబిచ్చాడు. "మేము తప్పక వస్తాం. కానీ టైర్ల సంగతి ఎవరైనా ఆలోచించారా?"

ఎవరూ ఆలోచించలేదు. అప్పటిదాకా ఆయనా ఆలోచించలేదు.

మర్నాటి నుంచి కెనడాలో ఉండే గడ్డపాయన ఒకడు వాళ్లింట్లో కాపురం పెట్టాడు. తెల్లారి లేచేసరికి ఫోనులో ఆయనే, భోజనాల దగ్గర ఆయనే. మంచులో కారు నడుపుతూ, బ్రేకు వేస్తూ, జారుతూ, ఎందుకు జారిందో దిగి చెబుతూ ఉండేవాడు. వీరలక్ష్మి దోసె తిరగేస్తుంటే వెనక నుంచి భర్త గొంతు వినిపించేది.

"చూడు లక్ష్మీ, మామూలు టైరు చలికి చెక్కలా బిగిసిపోతుంది. చలికాలం టైరు మెత్తగా ఉండి మంచును పట్టుకుంటుంది. దాన్ని తెచ్చి మన ఎండలో తిప్పామనుకో, జీడిపాకమే."

"అయితే ఏది కొంటారు?"

"రెండింటికీ మధ్యది. ఏడాది పొడుగునా ఉంచుకునేది, మంచు పడితే మంచులోనూ నడిచేది."

"మంచు పడితే అంటే, ఇక్కడండీ?"

"ఎక్కడ పడినా," అన్నాడాయన. కిటికీ అవతల ఎదురింటి నీళ్ల ట్యాంకు ఎండకు ఆవిరి కక్కుతోంది.

ఆ శుక్రవారం అవాలీలో తెలిసినవాళ్లింట పిల్ల పుట్టినరోజు. కేకు కోయకముందే గొడవ మొదలైంది. మణికుమార్‌ది అమలాపురం పక్క ఊరు, ఎంత మర్యాదగా మాట్లాడతాడో అంత మొండివాడు.

"ఆయ్, అంత ఆలోచన ఎందుకండి గురువుగారూ. టైరు పక్కన ఎమ్మూ ఎస్సూ అని అక్షరాలుంటే చాలండి. బురదకీ మంచుకీ రెండిటికీ పనికొస్తుందని దానర్థం. నావి అవేనండి."

"అక్షరాలదేముంది తమ్ముడూ. గాడులు కాస్త వెడల్పుగా ఉంటే ఆ అక్షరాలు వేసేసుకోవచ్చు. నిజంగా మంచులో పరీక్షకు నిలబడిన టైరుకు మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు, ఆ బొమ్మ ఉంటుంది. బొమ్మ లేని టైరుతో కొండెక్కడమంటే, నేనైతే నా పెళ్లాన్ని ఎక్కించను."

అప్పుడే పకోడీ నోట్లో పెట్టుకోబోతున్న వీరలక్ష్మి వైపు అందరూ జాలిగా చూశారు. ఆమెకు పకోడీ తినాలో వద్దో తెలియలేదు.

ఆ సాయంత్రంతో బహ్రెయిన్ తెలుగువాళ్లు రెండుగా చీలారు. అక్షరాలవాళ్లు, బొమ్మవాళ్లు. ఎదురుపడితే పలకరింపులు పొడిపొడిగా సాగాయి. ఎవరినైనా మధ్యవర్తిగా పెట్టుకుందామనుకుంటే, మంచును కళ్లారా చూసినవాడు మొత్తం గుంపులో ఒక్కడే దొరికాడు. పెళ్లయిన కొత్తలో మనాలీ వెళ్లొచ్చినవాడు. ఆయన్ని రెండు పక్షాలూ భోజనాలకు పిలిచి మేపాయి. చివరికి ఆయన భార్య నోరు జారింది. మనాలీలో ఉన్నన్నాళ్లూ ఆయనకు జ్వరమట, హోటలు గదిలో దుప్పటి తియ్యలేదట.

టైర్లు కొనడానికి జిదాఫ్స్‌లో గౌస్ దుకాణానికి వెళ్లారు. గౌస్‌ది నిజామాబాదు, మనిషి దిట్టంగా ఉంటాడు, మాట మెత్తన. వీరలక్ష్మికి కుర్చీ లేకపోతే ఒకదాని మీద ఒకటి పేర్చిన టైర్ల మీద గుడ్డ తుడిచి కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చాడు.

"సార్, బండి రోజు యాడ నడుస్తది?"

"ఇంటి నుంచి ఆఫీసు. ఎప్పుడైనా శుక్రవారం జల్లాఖ్ బీచి."

"గంతేనా?"

"జనవరిలో ఒకరోజు మంచు కొండ."

గౌస్ వీరలక్ష్మి వైపు చూశాడు. ఆమె టీ వైపు చూసింది. అనుభవమున్న వ్యాపారి కనుక గౌస్‌కు ఆ చూపుతోనే సంగతి బోధపడింది. ఈ సారు టైరు కోసం రాలేదు, తన మాట నిజమని ఎవరో ఒకరు అనడం కోసం వచ్చాడు.

"ఉన్నది సార్, మీకు కావల్సిన మాల్ ఉన్నది. ఎండకు ఎండ, వానకు వాన, మంచుకు మంచు."

"ఇసుకకో?"

"ఇసుక్కు గూడ. మీరేది అడుగుతె గది."

భీమేశ్వరరావు ఫోను లైటు వేసుకుని గోదాము మూలల్లో దూరాడు. ఒక్కో టైరు పక్కనా బొమ్మ కోసం వెతికాడు, గాడుల్లో వేలు పెట్టి లోతు చూశాడు, తయారైన ఏడాది చదివాడు, వేడిని తట్టుకునే గ్రేడు చదివాడు, రబ్బరును గిల్లాడు. సంబంధం కుదుర్చుకునే రోజు వీరలక్ష్మి పుట్టింట్లో కూడా ఆయన ఇంత పరీక్షగా చూడలేదు. ఆమె టీ అయిపోయింది, గౌస్ ఇంకోటి పోయించాడు, అదీ అయిపోయింది. ఆఖరికి ఒక రకం నచ్చింది. గాడులు చీమల బారుల్లా వంకర టింకరగా ఉన్నాయి, పక్కన మూడు శిఖరాలూ పువ్వూ స్పష్టంగా ఉన్నాయి.

"గౌస్ భాయ్, ఇది మంచులో జారదని నమ్మకమేంటి?"

గౌస్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సార్, ఇన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న. నా తాన టైర్లు కొన్నోళ్లు ఒక్కలన్న మంచుల జారినమని వాపస్ రాలే."

ఆ మాట భీమేశ్వరరావుకు వేదవాక్కయింది. దారి పొడుగునా దాన్నే చెప్పాడు. కొత్త టైర్లు తారు రోడ్డు మీద తుమ్మెదల గుంపులా హుమ్మంటున్నాయి. "ఆ చప్పుడేంటండీ?" అని అడిగింది వీరలక్ష్మి. పట్టు ఉన్న టైరు అలాగే మాట్లాడుతుందన్నాడు.

ఆమెకు లైసెన్సు ఉంది. వచ్చిన ఏడాదే కష్టపడి తెచ్చుకుంది. అయినా బండి ఆమె చేతికి వచ్చింది తక్కువ. ఈ టైర్లు వచ్చాక అసలు రాలేదు. ముందు రబ్బరు కుదురుకోవాలన్నాడు, తర్వాత గాలి సరిచూడాలన్నాడు. ఎక్కడ ఆపినా స్టీరింగు ఒక పక్కకు తిప్పి ఆపేవాడు, బొమ్మ నలుగురికీ కనపడేట్టు. చూసినవాళ్లు చక్రం వంకర పోయిందేమో అని అడిగేవాళ్లు. వాళ్లకు మొదటి నుంచీ చెప్పేవాడు.

జనవరిలో బాదం కొండ మీద మంచు పడిందని కబురు వచ్చింది. సెలవు దొరికింది రెండు జంటలకే. మణికుమార్, అతని భార్య కళ వాళ్ల బండిలో, భీమేశ్వరరావు దంపతులు తమ బండిలో బయల్దేరారు. సముద్రం మీది వంతెన దాటి, సౌదీలో పడి, దారి తరగని ఎడారిలో రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి సాగాయి. ముందు అక్షరాలు, వెనక బొమ్మ. దారిలో ఒకచోట పడుకుని, పులిహోర అయిపోయి, చేగోడీలు అయిపోయి, రెండోరోజు సాయంత్రానికి తబూక్ చేరారు. హోటలు దగ్గర దిగగానే నోట్లోంచి పొగ వచ్చింది. కళ, వీరలక్ష్మి ఒకరి మొహంలోకి ఒకరు పొగ ఊదుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. భీమేశ్వరరావు వంగి టైర్లను తడిమి, "మెత్తగానే ఉన్నాయి," అన్నాడు తృప్తిగా.

మర్నాడు పొద్దున కొండకు బయల్దేరారు. దూరాన గోధుమరంగు రాళ్ల మీద ఎవరో పిండి జల్లినట్టు తెల్లగా కనపడింది. భీమేశ్వరరావు చొక్కా చేతులు మడిచాడు. ఆగస్టు నుంచీ ఎదురుచూసిన ఘడియ. మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా పోలీసు బండి, దాని ముందు పొడుగాటి పోలీసు.

పైన రోడ్డు మీద మంచు గడ్డకట్టింది, బండ్లు పోనివ్వడం లేదు. ఎవరి బండైనా ఇక్కడే, నడిచి పోవచ్చు. చేతులతోనూ నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనూ ఇదంతా చెప్పాడతను.

భీమేశ్వరరావు కిందికి దిగాడు. "అన్ని బండ్లూ కాదు కదా. రండి, చూపిస్తాను," అని ఆ పోలీసును మర్యాదగా తన టైరు దగ్గరికి తీసుకెళ్లాడు. వంగి బొమ్మ మీద వేలు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు శిఖరాలు, మధ్యలో పువ్వు. పోలీసు కూడా వంగాడు. శ్రద్ధగా చూశాడు. వేలితో తడిమాడు.

"మాషా అల్లా," అన్నాడు మనస్ఫూర్తిగా. "చాలా మంచి టైరు." తర్వాత లేచి, బండి ఎక్కడ ఆపాలో చూపించాడు.

మణికుమార్ అప్పటికే ఆపేసి, మఫ్లరు చుట్టుకుంటున్నాడు. "ఆయ్, నడిచి పోదాం పదండి గురువుగారూ."

"మీరు వెళ్లండి. నేను ఇక్కడే ఉంటాను. కాసేపట్లో తెరుస్తారు, తెరిచేటప్పుడు బండి దగ్గర మనిషి ఉండాలి."

వీరలక్ష్మి రెండుసార్లు పిలిచింది. ఆయన రాలేదు. మూడోసారి పిలవాలనిపించలేదు. కళ చెయ్యి పట్టుకుని నడక మొదలుపెట్టింది.

మంచు ఆమె అనుకున్నట్టు లేదు. తెల్లగా ఉంటుందనుకుంది, నీడల్లో నీలంగా ఉంది. మెత్తగా ఉంటుందనుకుంది, కాలి కింద గళ్లుప్పులా కరకరమంది. వేళ్లతో తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. ఏ రుచీ లేదు, అదే బాగుంది. చుట్టూ సౌదీ కుటుంబాలు తివాచీలు పరుచుకుని టీ కాచుకుంటున్నాయి, పిల్లలు పళ్లేల మీద కూర్చుని జారుతున్నారు. కాస్త పైకి వెళ్లి ఒక రాయి పక్కన ఒంటరిగా నిలబడితే ఏ శబ్దమూ వినపడలేదు. క్లినిక్ గుర్తు రాలేదు, ఇల్లు గుర్తు రాలేదు, మొగుడు కూడా గుర్తు రాలేదు. తన ఊపిరి చప్పుడు తనకు వినపడి ఎన్నాళ్లయిందో అనుకుంది. కారణం తెలియకుండానే కళ్లు చెమర్చాయి. చలికే అయ్యుంటుంది అని వెనకే వచ్చిన కళ అంటే ఔనంది.

అప్పుడు ఫోను మోగింది.

"లక్ష్మీ, రోడ్డు తెరిచేట్టు లేరు. పులిహోర తెచ్చిన ఐసు డబ్బా మణికుమార్ దగ్గర ఉందిగా, దాన్నిండా మంచు నింపించి తీసుకురా."

"దేనికండీ?"

"తీసుకురా, చెబుతాను."

మణికుమార్, ఎంత ప్రత్యర్థి అయినా, డబ్బా మోసుకుని దిగాడు. భీమేశ్వరరావు ఆ మంచును ముందు చక్రం ఎదురుగా రోడ్డు మీద పరిచాడు, అరచేత్తో చదును చేశాడు. కళను ఫోనుతో వీడియో తియ్యమని నేల మీదికి వంగమన్నాడు. కింద ఎండ బాగానే కాస్తోంది. ఆయన సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకుని, మొదటి గేరులో బండి కదిలించేలోగా మంచు సగం నీళ్లయింది. "ఇంకో డబ్బా," అన్నాడు కిటికీలోంచి. మణికుమార్ మళ్లీ కొండెక్కాడు. రెండోసారి కుదిరింది. చక్రం మంచు మీద నుంచి ఇవతల నుంచి అవతలికి పోయింది. జారలేదు. నేల మీద ఆ వంకర టింకర గాడుల అచ్చు అందంగా పడింది.

"చూశావా తమ్ముడూ, పట్టు."

మణికుమార్ తన బండి తెచ్చి మిగిలిన బురద మీద నుంచి పోనిచ్చాడు. అదీ జారలేదు. కళ మాత్రం అది తియ్యలేదు, అప్పటికే ఆమెకు నడుం నొప్పి పుట్టింది.

సాయంత్రం హోటలుకు పోతుంటే బండిలో వీరలక్ష్మికి కోపం వచ్చింది, కానీ అది ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియని కోపం. అంతలో ఆయనే అడిగాడు, రోడ్డు వైపు చూస్తూ.

"పైన ఎలా ఉంది?"

"డబ్బాలో చూశారుగా."

"అది కాదు. పైన."

ఆ గొంతు గడ్డపాయన శిష్యుడిది కాదు. ఆమె మెత్తబడింది. "రేపు పొద్దున నేను మళ్లీ వెళ్తున్నా. వస్తే రండి, బండి దగ్గరే ఉంటానంటే ఉండండి. మళ్లీ పిలవను," అంది.

మర్నాడు ఆయన వచ్చాడు. బండి తాళం వేసి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుని, నడిచాడు. మంచు మొదలయ్యే చోట ఆగి, ఒక పాదం పెట్టాడు. మొహం విప్పారింది. ఇంకో నాలుగడుగులు వేశాడు. "లక్ష్మీ, ఇది చూడు, చప్పుడు," అంటూ ఆమె వైపు తిరిగాడు.

బండి కాళ్ల గురించి అన్ని నెలలు ఆలోచించినవాడు తన కాళ్ల గురించి ఆలోచించలేదు. రోజూ ఆఫీసుకు తొడుక్కునే బూట్లే తొడుక్కొచ్చాడు. వాటి అడుగు నున్నటి తోలు.

రెండు కాళ్లూ ఒక్కసారే ముందుకు పోయాయి. ఆయన వెనక్కి కూలబడి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలు మీద బయల్దేరాడు. పళ్లెం లేకుండా ఇంత చక్కగా జారుతున్న పెద్దమనిషిని చూసి పిల్లలు దారి ఇచ్చారు. టీ కాచుకుంటున్న ఒక కుటుంబం కెటిల్‌ను పక్కకు జరిపి, మళ్లీ యథాస్థానంలో పెట్టుకుంది. చివరికి ఒక రాయి ఆయన కుడి మడమను ఆపింది.

వీరలక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన పడుకుని ఆకాశం చూస్తున్నాడు. గడ్డం మీద, కనుబొమ్మల మీద మంచు. నొప్పితో ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు. నవ్వు ఆగక మాట రావడం లేదు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన అలా నవ్వగా చూడలేదామె. పక్కనే కూలబడి తనూ నవ్వింది. కాలు కదపబోయాక ఆయన నవ్వు ఆగింది, ఆమెది మరికాసేపు ఉంది.

తబూక్ ఆసుపత్రిలో ఎముక విరగలేదన్నారు, బెణికిందన్నారు, కట్టు కట్టారు. ఆ కాలితో బండి నడపకూడదని గట్టిగా చెప్పారు. భీమేశ్వరరావు మణికుమార్ వైపు చూశాడు. మణికుమార్‌కు తన బండి ఉంది, కళకు లైసెన్సు లేదు. అందరూ నేల వైపు చూస్తుంటే వీరలక్ష్మి తాళం తీసుకుంది.

ఆయన వెనక సీట్లో కాలు తలగడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. "అద్దం చూడు. అంత గట్టిగా పట్టుకోకు. ఈ టైరు మలుపులో..."

"ఏవండీ, నొప్పి బిళ్ల వేసుకున్నారా?"

వేసుకున్నాడు. కాసేపటికి గురక వినపడింది. ముందు మణికుమార్ బండి, రెండు పక్కలా ఎడారి, కింద టైర్ల హుమ్. ఆ మోత అంత చెడ్డగా లేదనిపించింది వీరలక్ష్మికి. తానూ దానితో కలిపి గొంతులో సన్నగా కూనిరాగం తీసింది. ఒకచోట మణికుమార్‌ను దాటేసింది కూడా. దాటేటప్పుడు కళ కిటికీలోంచి చెయ్యి ఊపింది. మణికుమార్ ఊపలేదు.

వాళ్లు ఇల్లు చేరేలోపే కళ తీసిన వీడియో గ్రూపులో చేరింది. నేలకు ఆనించి తీసిందేమో, చక్రం కొండంత ఉంది, కింద మంచు హిమాలయమంత ఉంది. తెలుగు సంఘంవాళ్లు "మంచులో డ్రైవింగ్, నా అనుభవాలు" అని సభ పెట్టారు. భీమేశ్వరరావు కట్టుకట్టిన కాలితో వేదిక మీద కూర్చుని మాట్లాడాడు. ఆ కట్టు చూసి, పాపం ఎంత ప్రమాదకరమైన రోడ్డు మీద నడిపాడో అని జనం గుసగుసలాడుకున్నారు. ఆయన కాదనలేదు. సభ అయ్యాక అక్షరాలవాళ్లలో చాలామంది బొమ్మవాళ్లలో కలిశారు. జిదాఫ్స్‌లో గౌస్ ఆ రకం టైర్లు ఇంకా తెప్పిస్తున్నాడని వినికిడి.

కాలు నయమవడానికి కొన్ని వారాలు పట్టింది. అన్ని వారాలూ బండి వీరలక్ష్మి చేతిలోనే ఉంది. పొద్దున ఆయన్ని ఆఫీసు దగ్గర దింపి, తను క్లినిక్‌కు వెళ్లేది. వారాంతంలో కళను ఎక్కించుకుని, ఎక్కడికో ముందుగా అనుకోకుండా పోయేది. కట్టు విప్పిన రోజు ఆయన తాళం కోసం చెయ్యి చాపాడు.

"మీకు ఇప్పుడే కుదురుతుందో లేదోనండీ," అంది వీరలక్ష్మి. "టైర్లు నా చేతికి అలవాటు పడ్డాయి. ముందు మీ కాలు కుదురుకోనివ్వండి."

ఆయన చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది, తర్వాత జేబులోకి పోయింది.

ఇప్పుడాయన మణికుమార్ బండిలో ఆఫీసుకు వెళ్తున్నాడు. దారంతా టైర్ల గురించి చెబుతూ ఉంటాడట. మణికుమార్ ఈమధ్య రోజూ ఈయన ఎక్కకముందే బయల్దేరి పోవాలని చూస్తున్నాడని కళ చెప్పింది.